ప్రశ్నార్థకాలుగా మారిన పేర్లు: ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారివి. దుకాణాల బిల్లింగుకూ సరుకు లెక్కలకూ విండోస్ ప్రోగ్రాములు స్వయంగా రాసుకుంటున్నవారు కొందరు, ఇంకా చదువుకుంటున్నవారు కొందరు. ఒకే ఇబ్బందిని పలువురు రాసిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా మేనమామగారి కిరాణా దుకాణానికి సీ షార్ప్‌లో బిల్లింగు ప్రోగ్రాము రాశాను. డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. ఖాతాదారుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఎక్కించాలి. టైపు చేసేటప్పుడు పేరు చక్కగా కనిపిస్తోంది, సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. ఫాంటు మార్చి చూసినా ఫలితం లేదు.

జవాబు: ఫాంటు జోలికి పోవలసిన పని లేదు. అక్షరాలు పాడయ్యే తీరు మూడు విధాలు, మూడింటికీ మందు వేరు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే డేటా క్షేమంగానే ఉంది, ఆ లిపి ఉన్న ఫాంటు మాత్రమే లేదని అర్థం. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరుసగా వస్తూ ఉంటే అది యూటీఎఫ్-8లో (అన్ని లిపులకూ చోటున్న సంకేత పద్ధతిలో) రాసిన తెలుగును పాత పాశ్చాత్య కోడ్‌పేజీగా (కొద్ది అక్షరాలకే చోటున్న సంకేత పట్టికగా) చదవడం వల్ల వచ్చిన గందరగోళం. అదే గీతల ఏ పక్కన డిగ్రీకి బదులు చివర కిందికి వంగిన అడ్డగీత గుర్తు తరచుగా వస్తే ఆ చెడిన పేరు ఒడియాది. రెండు లిపులూ కలిసే మీ ఊళ్ళో ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. ఈ రకంలోనూ డేటా పోలేదు, సరైన ఎన్‌కోడింగ్ (సంకేత పద్ధతి) చెప్పి చదివితే తిరిగి వస్తుంది. మూడోది మీకు ఎదురైనది, మూడింటిలోనూ చెడ్డది. తెలుగుకు చోటు లేని కోడ్‌పేజీలోకి అక్షరాన్ని మార్చవలసి వచ్చినప్పుడు మార్చే యంత్రాంగం చేతులెత్తేసి దాని స్థానంలో 63వ సంకేతాన్ని, అంటే ప్రశ్నార్థకాన్ని, పెడుతుంది. పట్టికలో ఇప్పుడు ఉన్నది నిజంగానే ప్రశ్నార్థకం; దానిని ఏ ఫాంటూ తిరిగి తెలుగు చేయలేదు. ఆ పేర్లను ఖాతా పుస్తకం చూసి మళ్ళీ ఎక్కించవలసిందే.

ఇకముందు పాడవకుండా ఉండాలంటే పేరు ఉండే కాలమ్ రకం వార్‌చార్ (మామూలుగా ఒక కోడ్‌పేజీ అక్షరాలకే చోటున్నది) కాకుండా ఎన్‌వార్‌చార్ (అన్ని లిపులకూ చోటున్నది) కావాలి. (2019 ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి యూటీఎఫ్-8 కొలేషన్ అనే అమరికతో వార్‌చార్‌లోనూ తెలుగు నిలుస్తుంది కానీ, నడుస్తున్న దుకాణంలో ఆ మార్పు తలకెత్తుకోమని నేను చెప్పను.) చాలామంది ఇక్కడితో ఆగిపోయి, కాలమ్ మార్చినా ప్రశ్నార్థకాలే వస్తున్నాయని మళ్ళీ ఉత్తరం రాస్తారు. కారణం పట్టికలో పేరు చేర్చే ఇన్సర్ట్ వాక్యంలో ఉంటుంది. కొటేషన్ గుర్తులలో నేరుగా రాసిన పేరుకు ముందు ఎన్ అక్షరం లేకపోతే ఆ పేరు కాలమ్‌కు చేరకముందే వార్‌చార్‌గా మారి దారిలోనే చెడిపోతుంది. వాక్యాన్ని ముక్కలు అతికించి తయారు చేయడం మానేసి పేరును పారామీటర్‌గా (వాక్యంలో ఖాళీ ఉంచి విడిగా ఇచ్చే విలువగా), ఎన్‌వార్‌చార్ రకంగా పంపండి. పేరులో అపాస్ట్రఫీ వచ్చినప్పుడు వాక్యం విరిగిపోయే బాధా, బయటివారు పేరు పెట్టెలో ఎస్‌క్యూఎల్ ఆదేశాలు టైపు చేసి డేటాను చెరిపే ప్రమాదమూ దానితోపాటే పోతాయి.

కాలమ్ పొడవు విషయంలో ఒక హెచ్చరిక. ‘లక్ష్మి’ మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటరు లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు. మీ పట్టికలో ఆ పేరున్న వరుస తీసి చూడండి, సరిగ్గా ఏడు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఇంగ్లీషు పేర్లకు సరిపోయిన ఇరవై స్థానాలు ఇంటిపేరుతో సహా రాసే తెలుగు పేరుకు చాలవు. ‘ట్రంకేటెడ్’ (కత్తిరించబడింది) అనే మాటతో వచ్చే ఎర్రర్ అదే. వంద పెట్టుకోండి.

ప్రశ్న: రాయగడలో హార్డ్‌వేర్ సామాను దుకాణం మాది. నేను రాసిన ప్రోగ్రాము ఇంట్లో బాగా నడుస్తుంది, దుకాణంలో అప్పుడప్పుడు ‘ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ టు యాన్ ఇన్‌స్టన్స్ ఆఫ్ యాన్ ఆబ్జెక్ట్’ అంటూ ఆగిపోయేది. ఎర్రర్‌ను పట్టుకునే ట్రై, క్యాచ్ పెట్టాను, ఆగడం మానేసింది. ఇప్పుడు నెలాఖరుకు చూస్తే కొన్ని బిల్లులే కనబడటం లేదు. కోడ్ జతపరిచాను.

జవాబు: జ్వరం చూపే థర్మామీటరును పగలగొట్టి జ్వరం తగ్గిందనుకున్నట్టు ఉంది ఈ వైద్యం. మీ క్యాచ్ భాగంలో ఒక్క వాక్యమూ లేదు. పొరపాటు జరిగిన క్షణంలో ప్రోగ్రాము బిల్లు రాయడం వదిలేసి, ఏమీ జరగనట్టు తర్వాతి పనికి వెళుతోంది. ఆగిపోయిన ప్రోగ్రాము మీ చేత ఫోను చేయించేది, ఇది అదీ చేయించదు. ముందు ఆ ఖాళీ క్యాచ్‌ను తీసివేయండి.

ఇక అసలు ఎర్రర్ సంగతి. ఉండవలసిన వస్తువు లేకపోగా, అంటే ఆ చలరాశిలో నల్ ఉండగా, దాని తర్వాత చుక్క పెట్టి ఏదో అడిగారని ఆ సందేశం చెబుతోంది. మీ పన్ను లెక్కించే వరుసలో ఒకే వాక్యంలో నాలుగు చుక్కలున్నాయి: బిల్లు నుంచి ఖాతాదారు, అతని నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి పన్ను విధానం, దాని నుంచి శాతం. నాలుగింటిలో ఏది నల్ అయిందో వరుస సంఖ్య చెప్పలేదు. ఆ వాక్యాన్ని నాలుగు వాక్యాలుగా విడగొట్టి ఒక్కొక్క దానినీ విడి చలరాశిలో పెట్టి, నల్ అవునో కాదో ప్రతిచోటా చూడండి.

కోడ్ చదివితే నా అనుమానం రాష్ట్రం మీదనే. ఖాతాదారు జీఎస్టీ నంబరులోని మొదటి రెండు అంకెలు రాష్ట్ర సంకేతం. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. మీ రాష్ట్రాల పట్టికలో ఒడిశా ఒక్కటే ఉంది. ఇంట్లో మీరు పరీక్షించిన పేర్లన్నీ రాయగడవే కాబట్టి వెతికిన ప్రతిసారీ దొరికింది. దుకాణానికి పార్వతీపురం వ్యాపారి వచ్చి తన నంబరు చెప్పగానే ఫస్ట్ ఆర్ డిఫాల్ట్ అనే పద్ధతి 37 కోసం వెతికి, దొరకక, నల్ ఇచ్చింది. తప్పు బయటపడింది పన్ను వరుసలో, పుట్టింది పది వరుసల వెనుక జరిగిన వెతుకులాటలో. పట్టికలో అన్ని రాష్ట్రాలూ చేర్చండి. దొరకనప్పుడు ‘ఈ రాష్ట్ర సంకేతం పట్టికలో లేదు’ అని స్పష్టంగా చెప్పి బిల్లును అక్కడే ఆపండి. ఈ దారి సరిపోయాక, ఒడిశాలోని ఖాతాదారుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, పొరుగు రాష్ట్రంవారికి ఐజీఎస్టీ పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. రాష్ట్ర సంకేతాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగానే దాచండి, లేకపోతే ఢిల్లీ 07 కాస్తా 7 అయి అదీ దొరకదు.

క్యాచ్ ఎక్కడైనా ఉంచవలసి వస్తే ఎక్సెప్షన్ (పట్టుకున్న ఎర్రర్) పూర్తి పాఠాన్ని, సందేశాన్ని మాత్రమే కాదు, టూ స్ట్రింగ్ ద్వారా తేదీ సమయాలతో సహా ఒక ఫైలులో రాయించండి. ఆ ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెట్టకండి. అక్కడ రాయడానికి సాధారణ యూజర్‌కు అనుమతి ఉండదు, దానితో ఎర్రర్ రాయబోయి ఇంకొక ఎర్రర్ వస్తుంది. యూజర్ యాప్ డేటా ఫోల్డరు అందుకు తగిన చోటు. పట్టిన ఎక్సెప్షన్‌ను మళ్ళీ విసిరేటప్పుడు ‘త్రో’ అని మాత్రమే రాయండి. పక్కన చలరాశి పేరు కూడా రాస్తే అసలు పుట్టిన చోటు చెరిగిపోయి, విసిరిన చోటు మిగులుతుంది.

ప్రశ్న: యాక్సెస్ డేటాబేస్‌తో పనిచేసే నా ప్రోగ్రాము బరంపురంలోని మా పట్టు చీరల దుకాణం కంప్యూటరులో ‘ఏస్ ఓఎల్‌ఈడీబీ 12.0 ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్’ అంటోంది. ఆఫీస్ ఉంది, యాక్సెస్ తెరుచుకుంటోంది.

జవాబు: బహుశా మీ ప్రోగ్రాము 64 బిట్లుగా నడుస్తోంది, అక్కడి ఆఫీస్ 32 బిట్లది. ఒక రకం ప్రోగ్రాములోకి ఇంకొక రకం డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలు) ఎక్కదు, కనుక మీ ప్రోగ్రాము దృష్టిలో, యాక్సెస్ డేటాను అందించే ఆ ప్రొవైడర్ లేనట్టే. ప్రాజెక్టులో ప్లాట్‌ఫామ్ టార్గెట్‌ను ఎక్స్ 86కు (అంటే 32 బిట్లకు) మార్చి మళ్ళీ బిల్డ్ చేయండి. డీఎల్‌ఎల్ ఫైళ్ళను చేతితో కాపీ చేయడానికి మాత్రం పూనుకోకండి. 64 బిట్ల విండోస్‌లో 64 బిట్ల ఫైళ్ళు ఉండే ఫోల్డరు పేరు సిస్టమ్ 32, 32 బిట్లవి ఉండేదాని పేరు సిస్ వావ్ 64. పేర్లు చూసి పెట్టినవారందరూ తప్పు చోట పెడతారు.

ప్రశ్న: బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. పైథాన్‌లో విండోలు కట్టే టికింటర్‌తో, బటన్ నొక్కితే ఫోల్డరులోని ఫైళ్ళన్నిటినీ చదివే విండో తయారుచేశాను. బటన్ నొక్కకముందే పని మొదలవుతోంది, పని అయ్యేదాకా విండో కదలదు, ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోంది.

జవాబు: మొదటిది చిన్నది. కమాండ్ అనేచోట ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టారు. బ్రాకెట్లు పెడితే విండో కట్టేటప్పుడే ఫంక్షన్ నడిచిపోతుంది. పేరు మాత్రమే ఇవ్వండి.

రెండోదానికి దుకాణం పోలికే సులువు. వచ్చినవారికి జవాబు చెప్పేదీ, గోడౌనులో బస్తాలు లెక్కపెట్టేదీ ఒక్కడే అయితే, అతడు గోడౌనులో ఉన్నంతసేపూ గల్లా దగ్గర పలికేవారుండరు. విండోకు వచ్చే క్లిక్కులకు జవాబిచ్చే మెయిన్‌లూప్ థ్రెడ్‌తోనే మీరు ఫైళ్ళు చదివిస్తున్నారు. సుమారు 5 సెకన్లపాటు సందేశాలకు జవాబు రాకపోతే విండోస్ ఆ ముద్ర వేస్తుంది. చదివే పనిని వేరే థ్రెడ్‌కు, అంటే ఇంకొక పనివాడికి, అప్పగించండి. అయితే ఆ థ్రెడ్ లేబుళ్ళను, టెక్స్ట్ పెట్టెలను నేరుగా తాకకూడదు. చదివినదానిని ఒక క్యూలో (వరుసలో) వేయాలి, విండో వైపు ఆఫ్టర్ అనే పద్ధతి ద్వారా 100 మిల్లీసెకన్లకొకసారి ఆ క్యూను చూసి తెరపై రాయాలి. నేరుగా తాకినా మీ కంప్యూటరులో పదిసార్లు బాగానే నడవవచ్చు, పదకొండోసారి కారణం చెప్పకుండా కూలిపోవచ్చు. ఫైళ్ళు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్వయంగా చెప్పడం కూడా మరవకండి, లేకపోతే పైన పర్లాకిమిడివారికి చెప్పిన రెండో రకం గందరగోళం మీకు వస్తుంది.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. వీబీ డాట్ నెట్‌లో మ్యాథ్ రౌండ్ 3.5ను 4 చేస్తోంది, 2.5ను మాత్రం 2 చేస్తోంది. ఎక్సెల్‌లో 3 వస్తోంది. ఇది బగ్ కాదా?

జవాబు: కాదు. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు మార్చడం దాని సహజ పద్ధతి. చాలా సంఖ్యలు కూడినప్పుడు మొత్తం ఒకవైపే మొగ్గకుండా అలా పెట్టారు. దుకాణం లెక్కకు ఎక్సెల్ తీరే కావాలంటే మిడ్‌పాయింట్ రౌండింగ్‌లో అవే ఫ్రమ్ జీరో అని అదనంగా ఇవ్వండి. డబ్బు ఉన్న చలరాశులన్నీ డబుల్ నుంచి డెసిమల్‌కు మార్చండి, డబుల్‌లో 1.005 అని రాసినది నిజానికి అంతకన్నా రవ్వంత తక్కువగా నిలుస్తుంది, అప్పుడు రెండు పైసాల స్థానాలకు మార్చితే ఏ పద్ధతి ఇచ్చినా నమ్మకం ఉండదు. ఈ మార్పును కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి బిల్లు నుంచి అమలు చేస్తే, ఇప్పటికే ఇచ్చిన బిల్లుల మొత్తాలతో తేడా వచ్చిందన్న పేచీ ఉండదు.