‘సామాజిక వర్గం’ అంటే కులమేనా?

సందేహం: పత్రికల్లో ‘ఫలానా సామాజిక వర్గానికి చెందిన నేత’ అంటే కులం అని అర్థమవుతుంది. డిగ్రీ సమాజశాస్త్రం పుస్తకంలో మాత్రం సామాజిక వర్గాలంటే ధనిక, మధ్య, పేద వర్గాలని ఉంది. ఏది సరి? ‘వెనుకబడిన తరగతులు’ అనాలా, ‘కులాలు’ అనాలా? అగ్రవర్ణం, అగ్రకులం ఒకటేనా?

సమాధానం: పుస్తకంలోదే సరి. పత్రికలది మొహమాటం. కులం పేరెత్తలేక ‘సామాజిక వర్గం’ అంటున్నారు. పేరెత్తకపోయినా చదివేవాడికి అది ఏ కులమో తెలుస్తూనే ఉంటుంది.

వర్గం అంటే ఒక తీరుకు చెందిన గుంపు. క, ఖ, గ, ఘ, ఙలు కవర్గం. సమాజశాస్త్రంలో ఆ గుంపును కట్టేది బతుకుతెరువు. భూమి, యంత్రం, పెట్టుబడి ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టి మార్క్స్ వర్గాలు విడదీశాడు. జర్మన్ సమాజశాస్త్రవేత్త వేబర్ వర్గాన్ని, సామాజిక హోదాను వేరువేరుగా లెక్కపెట్టి, కులాన్ని హోదా వైపు చేర్చాడు. అంటే ఎవరి దారిలో పోయినా కులమూ వర్గమూ ఒకటి కావు. (పార్టీల్లో ‘వర్గపోరు’ ఇద్దరు నాయకుల అనుచరుల తగాదా. దానికీ వర్గపోరాటానికీ సంబంధం లేదు.)

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. ఇరవై ఎకరాల ఆసామీ, ఆ పొలాన్ని కౌలుకు చేసేవాడు, అందులో కూలికి వెళ్లేవాడు ముగ్గురూ ఒకే కులం వాళ్లు కావచ్చు. ‘ఆ సామాజిక వర్గం బాగుపడింది’ అని రాస్తే చివరి ఇద్దరూ కనబడకుండా పోతారు. ‘రైతు’ అన్న మాటతోనూ ఇదే చిక్కు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజనుకు ఎకరాకు 4,000 రూపాయలు పట్టాదారుకే అందాయి, కౌలుదారుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల కార్డు ఇవ్వజూపింది గానీ భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని వెనకాడితే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం పుట్టడం కష్టం, ఇక వడ్డీవ్యాపారే దిక్కు. అందుకే ‘రైతులు లాభపడ్డారు’ అని రాసేటప్పుడు పట్టాదారులో కౌలుదారులో చెప్పి తీరాలి.

అలాగని వర్గం ఒక్కటే చాలదు. ఇద్దరు కూలీలకు ఒకే కూలి ముట్టినా, ఒకరి ఇల్లు ఊళ్లో, ఇంకొకరిది వాడలో ఉంటే వాళ్ల బతుకులు ఒకటి కావు. పెళ్లి సంబంధాలు కులం దాటనంతకాలం ఆస్తీ, పలుకుబడీ, ఉద్యోగం చూపించే పరిచయాలూ ఆ గీత లోపలే తిరుగుతాయి. కులం మీద కులం అంచెలుగా పేర్చిన ఈ అసమానతను అంబేడ్కర్ ఎత్తిచూపాడు. తెలుగులో ‘నిచ్చెనమెట్ల వ్యవస్థ’ అంటున్నది దాన్నే. ఇక్కడ ‘వర్గం’ అని రాస్తే అసలు సంగతి జారిపోతుంది.

బీసీలు మాత్రం ‘తరగతులే’. 1951లో రాజ్యాంగంలో చేర్చిన 15(4) అధికరణంలోని మాట అదే. కులం ఒక్కటే కొలబద్ద కారాదని 1962లో రిజర్వేషన్ల మీద వచ్చిన బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పైగా మన బీసీ-సీలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, బీసీ-ఈలో ముస్లిం సమూహాలు ఉన్నాయి, కాబట్టి ‘వెనుకబడిన కులాలు’ అంటే అందరికీ వర్తించదు. ఎస్సీలు షెడ్యూల్డు కులాలు, ఎస్టీలు తెగలు. వీటిని మార్చకూడదు.

అగ్రవర్ణం, అగ్రకులం ఒకటి కావు. వర్ణాలు నాలుగే, వాటిలో ద్విజులు (ఉపనయనార్హత గలవారు) మూడే. ఆ మూడింటిలో లేని భూవసతి గల వ్యవసాయ కులాలను ‘అగ్రవర్ణాలు’ అనడం శాస్త్రం లెక్కనా తప్పే. ‘అగ్రకులాలు’ అనండి. రిజర్వేషన్ల సందర్భమైతే ‘ఓసీలు’ చాలు.

‘మధ్యతరగతి’ స్థిరపడిన మాట, దాన్ని ‘మధ్యవర్గం’గా దిద్దనక్కర్లేదు.