అనంతపురం ఎర్రనేలలో చికోరీ పండుతుందా?

కాఫీ పొడిలో కలిపే చికోరీ ఏ మొక్క నుంచి వస్తుందో, దాన్ని కలపడం కల్తీ అవుతుందో కాదో, అనంతపురం దగ్గర బోరుబావి కింద ఉన్న మీ రెండెకరాల్లో దాన్ని వేయవచ్చునో లేదో అడిగారు. మా నాన్నగారు అనంతపురంలో చాలాకాలం కాఫీ గింజలు వేయించి పొడి పట్టే దుకాణం నడిపారు. నేను గార్లదిన్నె దగ్గరి మా పొలంలో రెండు శీతాకాలాలు ఈ మొక్కను స్వయంగా పెంచాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇంటి అవసరానికి రెండు మడులు వేసుకోండి, ఎకరాల లెక్కన మాత్రం వేయవద్దు.

చికోరీకి కాఫీ చెట్టుతో బంధుత్వం లేదు. మన వైపు రైతులకు బాగా తెలిసిన పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క ఇది. ఉత్తరాదిన దీన్ని కాస్నీ అంటారు. యునానీ వైద్యంలో దీనికి ఎప్పటినుంచో స్థానం ఉంది. మొదట ముల్లంగిలా నేలను అంటుకుని ఆకులు పరుస్తుంది, ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ తరువాత లేచే కాడకు నీలిరంగు పూలు ఉదయం విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. మనకు కావలసింది లోతుకు దిగే తల్లివేరు. అందులో ఇన్యులిన్ అనే పీచుపదార్థం నిల్వ ఉంటుంది. వేరును వేయించినప్పుడు ఆ ఇన్యులిన్, దానితోపాటు ఉండే చక్కెరలు మాడి, డికాక్షన్‌కు ముదురు రంగును, చిక్కదనాన్ని, బెల్లం మాడినట్టుండే వాసనను ఇస్తాయి. కెఫీన్ మాత్రం ఇందులో ఉండదు.

జామ్‌నగర్‌లో పనిచేసే మా బావమరిది పంపిన విత్తనాన్ని, అది చాలా సన్నగా ఉండటం వల్ల ఇసుకలో కలిపి, మొదటి ఏడాది నవంబరులో ఐదు సెంట్లలో చల్లాను. మొలక బాగానే వచ్చింది, ఆకూ బలంగా పెరిగింది. కానీ మార్చిలో తవ్వి చూస్తే మా గరుసు నేలలో రాయి తగిలిన చోటల్లా వేరు రెండు మూడు పాయలుగా చీలిపోయి ఉంది, గడ్డపారతో పెకలించబోతే సగం లోపలే విరిగిపోయింది. నేలలో మిగిలిన ఆ ముక్కలు తడి తగలగానే మళ్లీ చిగురించి, తరువాత వేసిన పంటలో కలుపుగా మారాయి. రెండో ఏడాది చెరువు మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి అడుగున్నర ఎత్తు మడులు కట్టాను. వేర్లు సూటిగా దిగాయి. అయితే ఆ మట్టి తోలించడానికైన ఖర్చును ఏ పంటా తిరిగి ఇవ్వదని అప్పుడే అర్థమైంది. దేశంలో చికోరీ ప్రధానంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది, దాన్ని ఎండబెట్టి వేయించే వ్యాపారమూ అక్కడే అల్లుకుని ఉంది. మా చుట్టుపక్కల పచ్చివేరు కొనేవారు నాకు ఒక్కరూ దొరకలేదు.

ఇంట్లో పొడి చేసుకోవాలంటే వేర్లను కడిగి, బిళ్లలుగా తరిగి, గలగలమనే దాకా ఎండబెట్టి, మందపాటి బాణలిలో సన్నని సెగమీద కాఫీ రంగు వచ్చేవరకు వేయించాలి. నాలుగు కిలోల పచ్చివేరు ఎండి కిలోకు దగ్గరగా మిగిలింది. ఈ పొడి గాలిలోని తేమను త్వరగా పీల్చి గడ్డకడుతుంది కనుక, మా నాన్నగారు దాన్ని ఎప్పుడూ బిగుతు మూత డబ్బాలోనే ఉంచేవారు.

ఇక కల్తీ మాట. చెప్పి కలిపితే అది మిశ్రమం, చెప్పకుండా కలిపితే మోసం. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి పాళ్లూ ప్యాకెట్‌పై ముద్రించాలి. ఎనభై వంతుల కాఫీకి ఇరవై వంతుల చికోరీ అడిగిన వారికి మా నాన్నగారు వారి ఎదుటే తూచి కలిపేవారు. ‘ప్యూర్’ అని కొన్న పొడిమీద అనుమానం ఉంటే, గాజు గ్లాసులోని చన్నీళ్లపై చిటికెడు చల్లండి: కాఫీ పొడి కాసేపు తేలుతుంది, చికోరీ వెంటనే గోధుమరంగు చారలు విడుస్తూ మునుగుతుంది.

లేత ఆకు చేదుగా ఉన్నా పప్పులో బాగుంటుంది, ముదురు ఆకును మా ఆవులు ఇష్టంగా తిన్నాయి. వేరుపొడి కషాయం ఎక్కువగా తాగితే ఇన్యులిన్ వల్ల కడుపు ఉబ్బరిస్తుంది. కాలేయానికి మంచిదన్న మాట విని, నడుస్తున్న చికిత్సను మాని దీనిమీద ఆధారపడవద్దు. విత్తనం కోసం ఒక్క మొక్కనే ఉంచితే సాధారణంగా గింజ కట్టదు, వేరే మొక్క పుప్పొడిని తేనెటీగలు తేవాలి. అందుచేత మడి చివర కనీసం ఐదారు మొక్కలను తవ్వకుండా పూతకు వదిలేయండి.