ఆ బల్ల అంచులు ఎందుకు కలవవు?

ప్రశ్న: ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ వేసిన 'యాపిల్ పళ్ల బుట్ట' గొప్ప బొమ్మ అంటారు. నాకేమో సీసా పక్కకి ఒరిగినట్టు, బల్ల అంచు ఎడమవైపు ఒక ఎత్తులో, కుడివైపు ఇంకో ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తోంది. నేను డ్రాయింగ్ నేర్చుకుంటున్నాను. ఇలా గీస్తే మా సర్ చెరిపేయమంటారు. సెజాన్‌కి గీయడం రాకనా?

జవాబు: మీరు చూసింది నిజమేనండి, సీసా ఒరిగే ఉంది, అంచులు కలవవు. కానీ రాక కాదు. సెజాన్ కుర్రతనంలో ఫ్రాన్స్‌లోని తన సొంతూరు ఎక్స్‌లో డ్రాయింగ్ స్కూల్లో నేర్చుకున్నాడు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పాత మాస్టర్ల బొమ్మలు చూసి గీసుకున్నాడు. 1893 ప్రాంతంలో ఇది వేసేనాటికి యాభైకి దగ్గర పడ్డవాడు కాదు, దాటినవాడు. పళ్లు కుళ్లిపోయేంత నెమ్మదిగా పనిచేసే మనిషికి ఒక అంచు సరిచేయడం ఎంతసేపు చెప్పండి? పైగా చాలా బొమ్మలకి సంతకమే పెట్టనివాడు దీనికి పెట్టాడు.

బొమ్మలో ఉన్న ఆ బిస్కెట్ల ప్లేటు చూడండి. అడుగు బిస్కెట్లు పక్కనుంచి చూసినట్టు, పైవి కాస్త ఎత్తునుంచి చూసినట్టు ఉంటాయి. మనం కూడా ఒక వస్తువుని కెమెరాలా ఒకేచోట నిలబడి చూడం కదా, తల అటూ ఇటూ కదులుతుంది, కాసేపు బుట్ట, కాసేపు సీసా చూస్తాం, ఆ చూపులన్నీ ఒకే బొమ్మలో పెడితే అంచులు ఎలా కలుస్తాయి! ఆ తేడాని దాచడానికి మధ్యలో తెల్లగుడ్డ ఉండనే ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బరువు. బుట్ట మనవైపు వంగి ఉంది, యాపిల్స్ గుడ్డ మీదికి దొర్లాయి, ఇంకో క్షణంలో అన్నీ కింద పడతాయేమో అనిపిస్తుంది, అయినా పడవు. సీసా ఎడమవైపు, అంటే బుట్టవైపు ఒరిగింది కాబట్టే. నమ్మకపోతే వేలితో సీసాని మూసి చూడండి, బుట్ట వెంటనే తేలిపోతుంది. ఇక ఒక్క పండునే దగ్గరగా చూస్తే గుండ్రదనం నల్లటి నీడతో రాలేదు, ఎరుపు పక్కన పసుపు, దాని పక్కన ఆకుపచ్చ, ఇలా రంగుల మచ్చలతో వచ్చింది.

మీ సర్ చెప్పింది మాత్రం ఇప్పుడు వినండి. ముందు సీసా నిటారుగా గీయడం రావాలి, అప్పుడే దాన్ని ఎంత ఒంచాలో మీకు తెలుస్తుంది. అసలు బొమ్మ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూడండి.