హంపికి మూడు రోల్స్ చాలు

నాలుగు రోజుల హంపి ప్రయాణానికి ఎన్ని ఫిల్మ్ రోల్స్ కొనాలి, ఖర్చు ఎలా తగ్గించుకోవాలి అని అడిగారు కదా. మూడు చాలండి. రోల్‌కి 36 చొప్పున 108 ఫొటోలు. రోల్ ధరకి డెవలపింగ్, స్కానింగ్, కొరియర్ కలిపి 36తో భాగించి చూడండి. ఒక్కో క్లిక్‌కి ఎంత పడుతుందో తెలిస్తే బటన్ నొక్కే వేలు దానంతటదే ఆగుతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు విఠ్ఠల ఆలయంలో రాతి రథం ముందే సగం రోల్ అవగొట్టాను. మర్నాడు తెల్లవారుజామున మాతంగ కొండ ఎక్కేసరికి మిగిలినవి నాలుగే, అవీ ఇట్టే అయిపోయాయి. కింద అచ్యుతరాయ ఆలయం మీద ఎండ పాకుతుంటే ఖాళీ కెమెరా పట్టుకుని కూర్చున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు కెమెరా తీయకుండా చుట్టూ ఒకసారి తిరుగుతాను, నీడ ఎటు పడుతోందో చూస్తాను, ఆ తర్వాతే ఒక్కటి తీస్తాను.

మంచి ఎండలో వెలుగు కొలిచే మీటర్ లేకపోయినా టెన్షన్ వద్దు. 200 ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుగుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఫిల్మ్‌కి లెన్స్ రంధ్రం ఎఫ్16, షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు పెట్టండి. అనుమానంగా ఉంటే ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇవ్వండి, కలర్ నెగెటివ్ (మామూలు కలర్ ఫిల్మ్) తట్టుకుంటుంది. ఎండలో ఆపిన కారులో రోల్స్ వదలొద్దు. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలో అసలు పెట్టొద్దు, అక్కడి ఎక్స్‌రేకి ఫిల్మ్ పాడవుతుంది. చేతి సంచిలో పెట్టుకుని, మెషీన్‌లో వేయకుండా చేత్తో చూడమని అడగండి.