సమాధానం: ‘మీటింగ్‌లో నోరు పెగలదు, నాలో ఏ టాలెంటూ లేదా?’

అసలు తేడా పోలికలో ఉంది. గలగలా మాట్లాడే కొలీగ్ పక్కన నిలబెట్టి మిమ్మల్ని మీరే కొలుచుకుంటున్నారు. మీ పోస్టులోనే ‘షీట్‌లో తప్పులు పట్టడం తప్ప నాకేం రాదు’ అని రాశారు. ఆ ‘తప్ప’ దగ్గర ఆగండి.

మగావా అనే ఎలుక సంగతి చూడండి. టాంజానియాలో పుట్టిన ఆఫ్రికా పెద్ద ఎలుక. ఆ జాతికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు. కంబోడియాలో మందుపాతరలు వెతికింది. బరువు కిలో పైచిలుకే కాబట్టి మీద నడిచినా పాతర పేలదు. మెటల్ డిటెక్టర్ ప్రతి తుప్పు మేకుకీ కూస్తుంది. మగావా మాత్రం పేలుడు మందు వాసన తగిలితేనే ఆగి నేల గీరేది. 2020లో బ్రిటన్ జంతు సేవా సంస్థ పీడీఎస్ఏ దానికి బంగారు పతకం ఇచ్చింది. చూపు పరీక్ష పెట్టి ఉంటే ఫెయిలే!

1. ఈ వారం మీ దగ్గరకు ఎవరు ఏ పని మీద వచ్చారో రాసుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ జాబితాలో ‘ఇదేముంది, ఎవరైనా చేస్తారు’ అనిపించినవి కొట్టేయకండి. చెమటోడిస్తేనే టాలెంట్ అనుకుంటాం, సులువుగా వచ్చేది లెక్కలో వేసుకోం. వాళ్లకూ సులువైతే మీ దాకా ఎందుకొస్తారు?

3. మీటింగ్‌కి ముందురోజే, దొరికిన తప్పులు రెండు లైన్లలో మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. రేపు అడిగితే మీకు తెలిసిందే చెబుతారు.