కీళ్ల మార్పిడికి విదేశం వెళ్తున్నారా? కొటేషన్‌లో కనపడని ఖర్చులు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. రెండు మోకాళ్లూ పూర్తిగా అరిగాయి. ఇక్కడ ఆపరేషన్‌కు చెప్పిన మొత్తంలో సగం కంటే తక్కువకే వేరే దేశంలోని ఒక ఆసుపత్రి ప్యాకేజీ ఇస్తానని మెయిల్ పంపింది. విమానం టికెట్లు కలుపుకున్నా బాగానే మిగిలేలా ఉంది. మా లెక్క సరైనదేనా?

జవాబు: ముందు ఆ మెయిల్ మళ్లీ తీసి, ధర ఒక మోకాలికా, రెంటికా చూడండి. చాలా కొటేషన్లలో ఉండేది ఒక మోకాలి ధరే. రెండోదానికి థియేటర్, గది ఖర్చు కొంత కలిసిరావచ్చు గానీ ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) ధర మళ్లీ పూర్తిగా పడుతుంది.

ప్యాకేజీలో మామూలుగా ఉండేవి సర్జన్, మత్తు డాక్టర్ల ఫీజులు, థియేటర్ ఛార్జీ, ఏదో ఒక రకం ఇంప్లాంట్, మూడు నాలుగు రోజుల గది, ఆ రోజుల మందులు. తరచూ బయట ఉండిపోయేవి ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, గుండె డాక్టరు ఫీజు, అవసరపడితే ఐసీయూ, రక్తం, చెప్పిన రోజులు దాటాక గది అద్దె, డిశ్చార్జ్ తర్వాత ఫిజియోథెరపీ, వాకర్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు, కుట్లు తీయడం. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. అన్నీ కలిస్తేనే తడిసి మోపెడవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. ఇక్కడి ఖర్చు 100 అనుకుంటే అక్కడి ప్యాకేజీ 45. ప్యాకేజీలో లేని ఆసుపత్రి ఖర్చులు 8. ఇద్దరి ప్రయాణం, వీసా 12. మూడు వారాల బస, భోజనం, టాక్సీలు 10. మొత్తం 75 అయింది. మీరు 55 మిగులుతుందనుకున్న చోట మిగిలేది 25. చెకప్‌కో, చిన్న ఇబ్బందికో ఇంకోసారి ఇద్దరూ వెళ్లాల్సి వస్తే టికెట్లూ వారం రోజుల బసా కలిసి అందులో పదిహేనుకు పైగా హరించుకుపోతుంది. ఇంటికొచ్చాక చేయించుకునే ఫిజియోథెరపీని విదేశం ఖాతాలోనే వేసి భయపడేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఆపరేషన్ చేయించుకున్నా ఆ ఖర్చు తప్పదు. కాబట్టి రెండు వైపులా వేయాలి, లేదా రెండు వైపులా వదిలేయాలి.

డబ్బు కట్టే ముందు కొన్నిటికి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఎన్ని రోజుల గది, ఆ పైన రోజుకు ఎంత? ఐసీయూ, రక్తం లోపలా బయటా? అక్కడికి వెళ్లాక ఆపరేషన్ వద్దంటే కట్టిన అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారు? 90 రోజుల లోపు ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది, అందులో ఇంప్లాంట్ ధర కలిసిందా? ఈ చివరి ప్రశ్నకు 'అలాంటివేమీ రావండీ' అని జవాబొస్తే ఇంకో ఆసుపత్రి చూసుకోవడం మేలు. ఎంత మంచి చోటైనా నూటికి ఒకరిద్దరికి లోతైన ఇన్ఫెక్షన్ వస్తుంది. రాదనేవాళ్లు తమ లెక్కలు చూసుకోవడం లేదన్నమాట.

కొటేషన్ ఏ కరెన్సీలో ఉందో, ఆ ధర ఎంతకాలం చెల్లుతుందో కూడా చూడండి. విదేశీ చెల్లింపు మీద కార్డు కంపెనీ రుసుము, బ్యాంకు బదిలీ అయితే రెండు వైపులా ఛార్జీలు ఉంటాయి.

ప్రశ్న: అక్కడికి వెళ్లాక పరీక్షలు చేసి 'ఇప్పుడు ఆపరేషన్ కుదరదు' అంటే మా గతేమిటి? అలా జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. కారణాలు మాత్రం చాలావరకు ఇంట్లో ఉండగానే పట్టుకోగలిగినవే. షుగర్ అదుపులో లేకపోవడం మొదటిది. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో అంకె 7.5 లేదా 8 శాతం దాటితే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు. ఆ అంకె దాదాపు మూడు నెలల సగటు కాబట్టి వారం రోజులు పథ్యం చేస్తే దిగదు. తర్వాత రక్తహీనత, మూత్రంలో ఇన్ఫెక్షన్, పుచ్చిన పన్ను, కాలి వేళ్ల మధ్య పాచిన చర్మం, మానని పుండు. పంటికీ మోకాలికీ ఏం సంబంధమని కొట్టిపారేయకండి. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరిన బ్యాక్టీరియా కొత్త కీలు మీద స్థిరపడవచ్చు.

చాలామంది చెప్పడం మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నొప్పి తగ్గడానికి అదే కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే మూడు నెలలైనా గడవాలి. ఈలోపు ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ప్రయాణం దాకా ఓర్చుకోవడానికని ఆఖరి నెలలో ఇంజెక్షన్ వేయించుకుంటే టికెట్ డబ్బులు బూడిదలో పోసినట్టే.

పరీక్షలన్నీ ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఇక్కడే చేయించి, నిలబడి తీసిన ఎక్స్‌రేలతో కలిపి పంపండి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అరుగుదల అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఏది ఎప్పుడు ఆపాలో మీ గుండె డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. కీళ్లవాతానికి బయొలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక శక్తిని అదుపు చేసేవి) తీసుకునేవారికి ఆపరేషన్ తేదీని ఆ డోసును బట్టి నిర్ణయిస్తారు. అది ముందే చెప్పాలి.

ప్రశ్న: రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఒక ప్రయాణం కలిసొస్తుంది కదా?

జవాబు: కలిసొస్తుంది. మత్తు కూడా ఒక్కసారే. అయితే గుండె, ఊపిరితిత్తుల మీద భారం, రక్తం ఎక్కించాల్సిన అవసరం పెరుగుతాయి. గుండె జబ్బు ఉన్నా, వయసు బాగా మీరినా, ఒళ్లు చాలా బరువున్నా ఎక్కువమంది సర్జన్లు ఒప్పుకోరు. విడివిడిగా చేస్తే మధ్యలో ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. అంటే రెండు ప్రయాణాలు, లేదా సుదీర్ఘమైన బస. ఆ ఖర్చుతో లెక్క తలకిందులైతే ఇక్కడే చేయించుకోవడం చవక కావచ్చు. టికెట్ ధర చూసి 'రెండూ కానివ్వండి' అని రోగి పట్టుబట్టడం, సర్జన్ తలూపడం రెండూ మంచివి కావు.

ప్రశ్న: పదో రోజున తిరుగు ప్రయాణమని ప్యాకేజీలో రాశారు. తుంటి కీలు మార్పిడి. పది రోజులకు విమానం ఎక్కవచ్చా?

జవాబు: తొందరపాటే. కుట్లు లేదా స్టేపుల్స్ తీసేది 10 నుంచి 14 రోజుల మధ్య. కారడం, ఎర్రబడడం లాంటివి బయటపడేదీ ఆ రోజుల్లోనే. కనీసం మూడు వారాలు అక్కడ ఉండేలా డబ్బు పెట్టుకోండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు కాస్త ఎక్కువైనా ఇవ్వండి.

అసలు భయం కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. తుంటి, మోకాలి ఆపరేషన్ తర్వాత మూడు నెలల దాకా ఆ ముప్పు మామూలు కంటే ఎక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే మరీ ఎక్కువ. అందుకే దూరప్రయాణానికి ఆరు వారాలు ఆగమనేవారు కొందరు, మూడు నెలలనేవారు మరికొందరు. అంతకాలం ఆగలేనప్పుడు సర్జన్ రాతపూర్వక అనుమతి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు తప్పనిసరి. తుంటికి ఈ మందులు నెల, ఐదు వారాల దాకా వాడతారు, మోకాలికి దాదాపు రెండు వారాలు. కాబట్టి ఇంటికొచ్చాక వాడాల్సినవి కూడా అక్కడే కొనుక్కోవాలి. ఇంజెక్షన్లయితే డాక్టరు చీటీతో చేతిసంచిలో పెట్టుకోండి. చీటీ మీద బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు రాయించండి. అదే బ్రాండ్ ఇంకో దేశంలో దొరక్కపోవచ్చు.

టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. అందులో మూడు రకాలున్నాయి. 'డబ్ల్యూసీహెచ్ఆర్' అంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. 'డబ్ల్యూసీహెచ్ఎస్' అంటే మెట్లు ఎక్కలేరు. 'డబ్ల్యూసీహెచ్‌సీ' అంటే సీటు దాకా తీసుకెళ్లాలి. కొత్త తుంటితో ఉన్నవారికి కనీసం రెండోది కావాలి. మొదటిది రాయించుకుంటే విమానం మెట్ల దగ్గర దించేసి ఎక్కమంటారు. ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాకపోతే విమాన సంస్థ మెడికల్ ఫారం కూడా అడుగుతుంది, దాన్ని సర్జన్ నింపాలి. ఆపరేషన్ వెనక వైపు నుంచి చేసి ఉంటే మొదటి ఆరు వారాలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దంటారు. విమానం సీటు పల్లంగా ఉంటుంది, గట్టి దిండు ఒకటి ఉండాలి. భద్రతా తనిఖీలో లోహపు కీలు మోగుతుంది. ఇంప్లాంట్ కార్డు చూపినా తనిఖీ తప్పదు, ఎందుకు మోగిందో చెప్పడానికి మాత్రం పనికొస్తుంది.

ప్రశ్న: 'ఇంపోర్టెడ్ ఇంప్లాంట్', 'బంగారు రంగు మోకాలు', 'రోబో ఆపరేషన్' అంటూ ఒక్కోదానికి అదనంగా అడుగుతున్నారు. వేటికి ఇవ్వాలి?

జవాబు: వేరే దేశం వెళ్లేవారికి అక్కడి సరుకు ఎలాగూ దిగుమతే! 'ఇంపోర్టెడ్' అనే మాటకు విలువ లేదు. కంపెనీ, మోడల్ పూర్తి పేరు అడగండి. ఆ పేరు చేతికొస్తే, దేశంలో జరిగిన కీళ్ల మార్పిడుల లెక్కలు రాసే జాతీయ రిజిస్ట్రీల్లో చూడవచ్చు. స్వీడన్ మోకాళ్ల లెక్కలు 1975 నుంచి రాస్తోంది. ఆస్ట్రేలియా, బ్రిటన్ ఏటా మోడళ్ల వారీగా నివేదికలిస్తున్నాయి. ఏ మోడల్‌ను పదేళ్లలో ఎందరికి మళ్లీ మార్చాల్సి వచ్చిందో అక్కడ తెలుస్తుంది. పదేళ్లు నిలిచిన పాత మోడల్, నిన్న వచ్చిన కొత్త మోడల్ ఒకే ధరకు ఇస్తామంటే మేమైతే పాతదే తీసుకోమంటాం. లోహానికి లోహం రాసుకునే తుంటి కీళ్లను కొత్త వింతగా అమ్మారు. వాటిలో ఒక మోడల్‌ను 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

రిజిస్ట్రీల అంకెలు కలిపి 2019లో వేసిన అంచనా ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. తుంటిలో 58 శాతం. అవన్నీ 25 ఏళ్ల కిందటి మామూలు ఇంప్లాంట్లే అని గుర్తుంచుకోండి. బంగారు రంగు పూత నికెల్ అలర్జీ ఉన్నవారికి ఆలోచించదగినది, మిగతావారికి అదనంగా ఇవ్వడానికి బలమైన కారణం లేదు. రోబోతో ఎముక కోత మరింత కచ్చితంగా పడుతుంది. నొప్పిలో, నడకలో రోగికి తెలిసేంత పెద్ద తేడా మాత్రం నిరూపణ కాలేదు. ఆ డబ్బుతో ఇంకో వారం అక్కడ ఉండి ఫిజియోథెరపీ చేయించుకుంటే లాభం ఎక్కువ.

మోడల్ పేరుతో పని ఆపరేషన్‌తో అయిపోదు. ఇంప్లాంట్‌లో ప్రతి భాగం విడి పెట్టెలో వస్తుంది. మోకాలికి తొడ ఎముక భాగం, కింది ఎముక పళ్లెం, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల, కొందరికి చిప్ప బొత్తం. ఒక్కో పెట్టెలో అంటించుకునే స్టిక్కర్లు కొన్ని ఉంటాయి. వాటి మీద 'రెఫ్' పక్కన మోడల్ సంఖ్య, 'లాట్' పక్కన తయారీ బ్యాచ్, సైజు, కుడా ఎడమా, ఇసుక గడియారం బొమ్మ పక్కన గడువు తేదీ. ఒక సెట్టు ఆసుపత్రి రికార్డులోకి, ఒక సెట్టు మీకు. డిశ్చార్జ్ కాగితాల్లో ఆ స్టిక్కర్లు లేకపోతే బిల్లు పూర్తిగా కట్టకముందే అడగండి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. పదేళ్ల తర్వాత బిళ్ల ఒక్కటే అరిగితే అదే కంపెనీది, అదే సైజుది తెచ్చి మార్చవచ్చు. ఏదో తెలియకపోతే, లేదా ఆ మోడల్ మీ దేశంలో దొరకకపోతే, ఎముకకు గట్టిగా అతుక్కున్న మొత్తం కీలునే పీకాల్సి వస్తుంది. ఖర్చు ఎన్నో రెట్లు.

ప్రశ్న: నాన్నగారికి విదేశంలో మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. తిరిగొచ్చాక గాయం నుంచి కొద్దిగా నీరు కారుతోంది. ఇక్కడి డాక్టర్లు 'చేసినచోటికే వెళ్లండి' అంటున్నారు. యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టమంటారా?

జవాబు: మొదలుపెట్టకండి, ఆలస్యమూ చేయకండి. మూడో వారంలో కారడం మామూలు కాదు. ఈ రోజే కీళ్ల మార్పిడి చేసే ఆర్థోపెడిక్ విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. కీలులో నుంచి సూదితో నీరు తీసి కల్చర్‌కు (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపాలి. ముందే మాత్రలు వేస్తే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు, అప్పుడు క్రిమి ఏదో తెలియక నెలల తరబడి గుడ్డి వైద్యం సాగుతుంది. చలిజ్వరం, మైకం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, అక్కడ మందు ఎప్పుడివ్వాలో వాళ్లు చూసుకుంటారు. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అంతే.

తొందర దేనికంటే, లక్షణాలు మొదలైన మూడు నాలుగు వారాల్లోపే కీలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ బిళ్ల మార్చి, ఇంప్లాంట్‌ను కాపాడే అవకాశం ఉంది. అది దాటితే ఎక్కువమందికి కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మె పెట్టి, ఆరు వారాలపాటు మందులిచ్చి, మళ్లీ కొత్తది వేయాలి. రెండు పెద్ద ఆపరేషన్లన్నమాట.

'చేసినచోటికే వెళ్లండి' అనడానికి సగం కారణం లోపల ఏముందో తెలియకపోవడం. ఆపరేషన్ నోట్స్, స్టిక్కర్లు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలు, ఇచ్చిన మందుల జాబితా పట్టుకెళ్లండి. లేకపోతే అక్కడి సర్జన్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టి తెప్పించండి. ఖర్చు విషయానికొస్తే, మామూలు ప్రయాణ బీమా ముందే అనుకుని వెళ్లిన చికిత్సకూ దాని ఇబ్బందులకూ వర్తించదు. వైద్య ప్రయాణికుల కోసమే ఉండే పాలసీని ఆపరేషన్‌కు ముందే కొని ఉండాలి. మీ ఇంటి ఆరోగ్య బీమాలో మాత్రం బయట చేయించుకున్న ఆపరేషన్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌ను మినహాయించారో లేదో పాలసీ కాగితం తీసి చదవండి. మినహాయించకపోతే అడ్మిషన్ రోజునే సమాచారం ఇవ్వాలి.