పసికందుకు పక్షవాతం వస్తుందా? మా బాబు విషయంలో ఎలా బయటపడిందంటే

రెండు రోజుల బిడ్డకు పక్షవాతం వస్తుందా, వస్తే మూతి వంకర పోవాలి కదా అని అడిగారు. వస్తుంది. అయితే మూతి వంకర, చెయ్యి పడిపోవడం వంటివి ఆ వయసులో సాధారణంగా కనిపించవు. మా బాబుకూ కనిపించలేదు.

నెలలు నిండి పుట్టిన బాబు రెండో రోజు తెల్లవారుజామున పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. పొత్తిగుడ్డ విప్పి చూస్తే కుడి చెయ్యి ఒక్కటే ఆగి ఆగి, ఒకే వరుసలో కొట్టుకుంటోంది. చలికి వణుకుతున్నాడని మా అత్తగారు మరో గుడ్డ కప్పారు. నర్సు మాత్రం ఆ చేతిని మెల్లగా పట్టుకుని చూసి, మామూలు వణుకైతే పట్టుకోగానే ఆగుతుందని, ఇది తన వేళ్ల మధ్యన కూడా కొట్టుకుంటూనే ఉంది కనుక ఫిట్స్ అయి ఉండవచ్చని చెప్పి వెంటనే ఎన్‌ఐసీయూకు (పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) తీసుకువెళ్లారు.

ముందుగా రక్తంలో చక్కెర, కాల్షియం, ఇన్‌ఫెక్షన్ పరీక్షలు చేశారు, ఎందుకంటే పసిపిల్లల్లో ఫిట్స్‌కు అవీ కారణాలే. మాడు మీదుగా తీసిన అల్ట్రాసౌండ్ బాగానే ఉందనగానే మేము ఊపిరి పీల్చుకున్నాము. కానీ రక్తస్రావం అందులో తెలిసినంతగా, రక్తనాళం మూసుకుపోయి మెదడులో ఒక భాగం దెబ్బతినడం తెలియకపోవచ్చునని డాక్టరు వివరించి, మూడో రోజు ఎంఆర్‌ఐ చేయించారు. మత్తు ఇవ్వలేదు; కడుపు నిండా పాలు పట్టి, గట్టిగా చుట్టి, నిద్రపుచ్చి తీశారు. అందులో డిఫ్యూజన్ చిత్రం అనేది కొత్తగా దెబ్బతిన్న భాగాన్ని తెల్లగా చూపుతుంది; దానిలో మెదడు ఎడమ వైపున, అంటే కుడి చేతిని నడిపే వైపున, తెల్లని మచ్చ స్పష్టంగా కనిపించింది, పక్షవాతమని తేలింది. వారం దాటితే ఆ తెలుపు మసకబారుతుంది కనుక ఈ స్కాన్ విషయంలో జాప్యం తగదు.

ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల పరీక్ష), గుండె స్కాన్ కూడా చేసినా పక్షవాతానికి కారణం దొరకలేదు. చాలా మంది పిల్లల్లో దొరకదట. ఫినోబార్బిటోన్ అనే మందుతో ఫిట్స్ ఆగాయి.

డిశ్చార్జి నాడు మాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. అయిదో నెలలో గిలక్కాయ ఎటు పెట్టినా బాబు ఎడమ చేతితోనే అందుకునేవాడు, కుడి పిడికిలి బొటనవేలిని లోపలికి ముడుచుకునే ఉండేది. ఎడమచేతి వాటమని ఇంట్లో మురిసిపోయాము. ఏడాది నిండకుండా చేతివాటం తేలడం మామూలు విషయం కాదని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా మాకు తెలియలేదు. పుట్టినప్పుడు ఫిట్స్ రాని పిల్లల్లో కొందరికి పక్షవాతం వచ్చిందనడానికి ఇలా ఒక చేతినే వాడడమే మొదటి లక్షణం.

మీ పాప చెయ్యి పట్టుకున్నా కదలిక ఆగకపోయినా, కళ్లు ఒక పక్కకే నిలిచిపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఫోనులో అర నిమిషం వీడియో తీసుకుని ఆ గంటలోనే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.